పిన్న వయసు, పెద్ద పీట

(శ్రీకాకుళమునందలి ఒక పఠనమందిరపు వార్షిక సభలో విశ్రాంత ఉపాధ్యాయు డొకరు చేసిన ఉపన్యాసము)

 

ఈ మందిరమునకు ప్రతిదినమును వచ్చి పత్రికలు చదువుకొను యువకులలో ఒకడు మొన్న సాయంకాలము నన్ను నిలిపి ప్రశ్నించెను. “మాష్టారూ, ముప్పది యేండ్లు నిండనివాడు పార్లమెంటులో కూర్చుండి దేశమునకు ఏమి చెప్పగలడు? తండ్రి పేరు చెప్పుకొని వచ్చినవాడు మనకేమి చేయగలడు?” అని రెండు ప్రశ్నలును ఒక్క యూపిరిలో అడిగెను. పక్కనున్న కార్యదర్శిగారు ఆ మాటలు విని, “దీనికి సమాధానము ఒక్కనికి కాదు, సభలో అందరికిని చెప్పుడు” అనిరి. నేటి నా ఉపన్యాసమునకు కారణ మిదియే.

ముందుగా ఒక మాట మనవి చేసికొందును. నేను ఏ పక్షమునందును సభ్యుడను కాను. ఒకరిని పొగడుటకు గాని, మరియొకరిని తెగడుటకు గాని ఇక్కడ నిలువలేదు. బడిలో చరిత్ర చెప్పి బ్రతికినవాడను. కావున చరిత్ర నుండియే మొదలిడుదును. మన ప్రశ్న శ్రీకాకుళమునకు సంబంధించినదే యైనను, పార్లమెంటను పద్ధతి మనకు వచ్చిన చోటు లండను. కావున అచ్చటి ఒక పిన్నవాని కథ ముందు వినుడు.

ఆతని పేరు విలియం పిట్టు. 1759లో పుట్టెను. తండ్రియు విలియం పిట్టే. ఛాథం ప్రభువని పేరొందిన మహామంత్రి. తండ్రి 1778లో గతించెను. కుమారుడు 1780లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు స్థానమునకు నిలిచి ఓడెను. మరుసటి సంవత్సరము జనవరిలో ఆపిల్‌బీ అను చిన్న పట్టణము తరఫున కామన్సు సభలో ప్రవేశించెను. అప్పటికి ఆతనికి ఇరువది యొక్క యేండ్లు. ఆపిల్‌బీ ప్రజలు కోరి తెచ్చుకొనిరా? లేదు. ఆ స్థానము లౌథర్ అను భూస్వామి చేతిలోనిది. ఆయన ఎవరిని చూపిన వారే సభ్యులు. ఇరువది మూడవ యేట ఆ కుఱ్ఱవాడు ఆర్థికమంత్రి యయ్యెను. ఇరువది నాలుగవ యేట, 1783 డిసెంబరులో, ప్రధానమంత్రి యయ్యెను. బడిపిల్లవాడని ప్రతిపక్షులు ఎగతాళి చేసిరి. ఎగతాళి చేసినవారు వెనుకబడిరి. ఆ బడిపిల్లవాడు 1801 వరకును, తిరిగి 1804 నుండి 1806లో చనిపోవు వరకును ఆ పదవిలో నిలిచెను. సమర్థుడనుటకు సందేహము లేదు.

ఈ కథ మనకెందుకు? వినుడు. ప్రధాని యైన మరుసటి సంవత్సరమే, 1784లో, ఆ యువకుడు ఇండియా చట్టమును చేయించెను. ఆ చట్టముతో కంపెనీవారి పరిపాలనపై లండనులో బోర్డు ఆఫ్ కంట్రోలు అను సంఘ మేర్పడెను. అప్పటికే, 1765 నాటి మొగలు ఫర్మానుతో, మన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయియుండెను. పిట్టు ప్రధానిగా నుండగనే, 1794 జూలై 10వ తేదీన, కట్టవలసిన పేష్కషు బాకీల తగవు ముదిరి, విజయనగర ప్రభువైన చిన విజయరామరాజుగారు పద్మనాభమువద్ద కంపెనీ సిపాయిల నెదిరించి, తన వారితో కూడ నేలకొరిగిరి. పిట్టు స్వయముగా ఆ యుద్ధమున కాజ్ఞ ఇచ్చెనని నేననుట లేదు. నేను చెప్పునది వేరు. లండనులో ఒక పిన్నవాడు పెద్దపీట వేసికొని కూర్చుండి చట్టము చేసెను. ఆ చట్టము క్రింద బ్రదుకవలసిన పద్మనాభపు రైతునకు గాని, గజపతినగరపు నేతగానికి గాని, కళింగపట్నపు పల్లెవానికి గాని ఆతని నెన్నుకొనుటకును హక్కు లేదు. దించుటకును హక్కు లేదు. ప్రశ్నించుటకును హక్కు లేదు. ఆతడు పిన్నవాడైననేమి, పెద్దవాడైననేమి? తండ్రి పేరుతో వచ్చిననేమి, స్వశక్తితో వచ్చిననేమి? మనకు ఒక్కటే.

సోదరులారా, నేటి నా ఉపన్యాస సారమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. సభ్యుని వయస్సెంత, వంశమేమి అనుట రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆతని నడుగు హక్కు ఎవరికున్నది, ఆ హక్కును వారు వాడుచున్నారా అనునదే.

ఇక ఆ ఇంగ్లండులోనే కాలము ఎట్లు మారినదో చూడుడు. ఆపిల్‌బీ వంటి స్థానములు 1832 నాటి సంస్కరణముతో పోయినవి. 2006లో చేసిన చట్టముతో పదునెనిమిదేండ్లు నిండిన వారెవరైనను అచ్చట పార్లమెంటునకు నిలువవచ్చునని ఏర్పడినది. 2015లో స్కాట్లండులోని పెయిజ్లీ ప్రాంతమున మైరీ బ్లాక్ అను ఇరువదేండ్ల బాలిక, గ్లాస్గో విశ్వవిద్యాలయములో చదువు ముగియకమునుపే, మంత్రిపదవులు చేసిన డగ్లస్ అలెగ్జాండరను పెద్దమనిషిని ఓడించెను. 2024లో కేంబ్రిడ్జి ప్రాంతపు ఒక స్థానమున సామ్ కార్లింగ్ అను ఇరువది రెండేండ్ల యువకుడు కేవలము 39 ఓట్ల ఆధిక్యముతో గెలిచి, ఆ సభకంతకును పిన్నవాడయ్యెను. అంతకుముందు ఆతడు పురపాలక సభ్యుడుగా పనిచేసినవాడు. వీరికి ఛాథం ప్రభువు తండ్రి కాడు. లౌథర్ దొర పోషకుడు కాడు. ఊరి పనులలో తిరిగి, పక్షపు కార్యాలయములో కుర్చీలు సర్ది, పైకి వచ్చినవారు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. చివర మరల దీనియొద్దకే వత్తును.

మన రాజ్యాంగము ఇరువది యైదేండ్లు నిండిన వారికి లోక్‌సభయు, ముప్పది నిండిన వారికి రాజ్యసభయు తెరచినది. ఓటు వేయు వయస్సు మొదట ఇరువది యొకటి. 1989 నుండి పదునెనిమిది. కావున ముప్పది నిండనివాడు పార్లమెంటులో ఏమి చెప్పగలడను ప్రశ్నకు రాజ్యాంగము ఎన్నడో సమాధానము చెప్పియే యున్నది. ఇక మన జిల్లా ఏమి సమాధానము చెప్పినదో చూతము.

మన ప్రాంతము తన ప్రతినిధుల నెన్నడును శాశ్వతముగా కూర్చుండబెట్టలేదు. 1952లో వరాహగిరి వేంకటగిరిగారు పాతపట్నము స్థానము నుండి గెలిచి కేంద్రమున కార్మికశాఖ మంత్రియైరి. ఐర్లండులో చదివి, దొరతనము వారి కోపమునకు గురియైన దేశభక్తులు; తరువాత రాష్ట్రపతియైన మహనీయులు. అట్టివారే 1957లో పార్వతీపురమున ఓడిరి. ఆ ఎన్నికపై వ్యాజ్యము సుప్రీము కోర్టు వరకు నడచెను. శ్రీకాకుళము స్థానమున బొడ్డేపల్లి రాజగోపాలరావుగారు ఆరుమారులు సభ్యులైరి. ఆ నడుమ 1967లో బారువలో పుట్టిన సర్దారు గౌతు లచ్చన్నగారు గెలిచి, తమ నాయకులైన ఆచార్య రంగాగారికొరకు ఆ స్థానమును విడిచిరి. రంగాగారు ఉపయెన్నికలో ఇచ్చటినుండి లోక్‌సభకు పోయిరి. 1984లో హనుమంతు అప్పయ్యదొరగారు, 1989లోను 1991లోను కణితి విశ్వనాథముగారు, 2009లో డాక్టరు కిల్లి కృపారాణిగారు. ఎవరి పక్షము వారిదే. అయినను మన ఓటరు ఎవరికిని పట్టా వ్రాసి ఈయలేదు, కౌలునకే ఇచ్చినాడు.

ఈ వరుసలోనే కింజరాపు వారి పేరు వచ్చుచున్నది. కోటబొమ్మాళి మండలములోని నిమ్మాడ వారి గ్రామము. శ్రీ కింజరాపు ఎర్రన్నాయుడుగారు 1957లో అచ్చట పుట్టి, న్యాయశాస్త్రము చదివి, 1983లో ఇరువది యారవ యేడు నడుచుచుండగా హరిశ్చంద్రపురము నుండి శాసనసభ్యులైరి. 1996 మొదలు నాలుగుమారులు వరుసగా శ్రీకాకుళము లోక్‌సభ సభ్యులైరి. 1996లో, ముప్పది తొమ్మిదవ యేట, కేంద్రమున గ్రామీణాభివృద్ధి శాఖకు మంత్రియైరి. ఇంతటి వారిని 2009లో మన ఓటరే ఇంటికి పంపెను. 2012 నవంబరు 2వ తేదీ వేకువజామున రణస్థలము సమీపమున రాచబాటపై జరిగిన ప్రమాదములో వారు దివంగతులైరి. ఆ దినమున పక్షభేదము లేక జిల్లా యంతయు కంటతడి పెట్టినది.

వారి కుమారుడు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. 1987 డిసెంబరు 18న నిమ్మాడలో జననము. తండ్రి పార్లమెంటు సభ్యులగుటచే విద్యాభ్యాసము కొంత ఢిల్లీలో జరిగినది. పిదప అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయములో విద్యుత్తు ఇంజనీరింగు, లాంగ్ ఐలండు విశ్వవిద్యాలయములో వ్యాపార నిర్వహణము చదివిరి. మన జిల్లాలో చదువుకొన్న యువకుల కందరకును తెలిసిన బాట ఇదియే: చదువు, పరదేశము, ఉద్యోగము, ఏటికొకమారు సంక్రాంతికి రాక. తండ్రి మరణము ఆ బాటను మరల్చినది. ఇరువది యైదవ యేట పితృశోకముతో ఇంటికి వచ్చిన యువకుడు ఊరూర తిరిగి, 2014లో ఇరువది యారవ యేట లోక్‌సభకు నిలిచి, లక్షా ఇరువదియేడు వేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచిరి. ఆ సభలో అత్యల్ప వయస్కులలో వారొకరు.

ఇచ్చట మన యువకుని రెండవ ప్రశ్నను దాచిపెట్టవలసిన పని లేదు. ఆ 2014 నాటి ఓట్లలో తండ్రిపై ప్రేమ యెంత, కొడుకుపై నమ్మక మెంత? నిజము చెప్పవలెనన్న, కొడుకును మనమప్పటి కెరుగము. ఆ ఓట్లలో పెద్దపాలు ఎర్రన్నాయుడుగారి సమాధిపై నుంచిన పూలే. వారసత్వము తలుపు తెరచినది. దీనిని కాదనుట అసత్యము.

అయితే తలుపు తెరచినంత మాత్రమున లోపల మాటలాడుట రాదు. రామ్మోహన్ నాయుడుగారు సభలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడు భాషలను వాడుకొనిరి. విభజన చట్టములో చెప్పిన రైల్వే జోనును గూర్చియు, ప్రత్యేక హోదాను గూర్చియు మాటలాడిరి. 2018 జూలై 20న కేంద్ర ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానము చర్చకు వచ్చినపుడు తమ పక్షము తరఫున అందులో పాల్గొనిరి. ఆ తీర్మానము 126 ఓట్లకు 325 ఓట్లతో వీగిపోయినది. అయినను ఉత్తర హిందూస్థానమువారికి వారి భాషలోనే మన గోడు వినిపించిన గొంతు శ్రీకాకుళమునకు చెందినదని అందరు నెరిగిరి. స్త్రీలు నెలనెలా వాడు ప్యాడ్లపై 2017లో పన్ను వేసినపుడు, మగవారు నోరెత్తుటకు సిగ్గుపడు ఆ విషయమున పన్ను తీయవలెనని వాదించిన సభ్యులలో వారొకరు. 2018 జూలైలో ఆ పన్ను తొలగినది. 2021లో బడ్జెటు సమావేశముల వేళ, భార్య ప్రసవ సమయమున తండ్రికి కూడ ఇంట నుండవలసిన కర్తవ్యమున్నదని చెప్పి, సభకు సెలవు కోరిరి. మన పెద్దలు కొందరు నవ్విరి. నా మట్టుకు నాకు అది నవ్వవలసిన విషయముగా తోచలేదు. ఇరువురు బిడ్డల తండ్రిగా నేను చేయక తప్పిపోయిన పనిని ఒక పిన్నవాడు బాహాటముగా చేసి చూపినాడని తోచినది. పార్లమెంటులో పిన్నవయస్సువారుండుట వలన లాభమేమన, పెద్దలకు ప్రశ్నగానైన తోచని విషయములు సభలో వినబడుటయే. 2020లో వారికి సంసద్ రత్న పురస్కారము లభించినది.

ఇక 2019 నాటి లెక్క వినుడు. ఆ యేడు రాష్ట్రమున గాలి ఎదురు తిరిగినది. ఇరువది యైదు లోక్‌సభ స్థానములలో ఇరువది రెండు ఎదుటి పక్షమువారు గెలిచిరి. వీరి పక్షమునకు దక్కినవి మూడు. అందు శ్రీకాకుళ మొకటి. కాని ఎంతతో? కేవలము 6,653 ఓట్లతో! ఈ లోక్‌సభ స్థానములోని ఏడు శాసనసభ నియోజకవర్గములలో వీరి పక్షము నిలుపుకొన్నవి ఇచ్ఛాపురము, టెక్కలి రెండే. 2014లో లక్షా ఇరువదియేడు వేలు చూపిన ఓటరే ఐదేండ్లకు వ్రేళ్లతో లెక్కపెట్టునంతగా తగ్గించినాడు. తండ్రి పేరు అదే, ఇల్లు అదే, ఊరు అదే. మరి ఓట్లెందుకు తగ్గినవి? వారసత్వపు విలువ ఒక్క ఎన్నికకే అని మన ఓటరు తెలియజేసినాడు. తిరిగి 2024లో ఆధిక్యము 3,27,901. మూడు ఎన్నికలు, మూడు లెక్కలు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచిన యెడల, మన జిల్లా వంశమునకు దాసోహమన్నదని ఎవరును అనజాలరు. గాలి మారిన తోడనే కౌలు మార్చగల ఓటరు ఇచ్చట నున్నాడు.

2024 జూన్ 9న రామ్మోహన్ నాయుడుగారు కేంద్ర మంత్రివర్గమున పౌర విమానయాన శాఖా మంత్రిగా ప్రమాణము చేసిరి. వయస్సు ముప్పదియారు, ఆ మంత్రివర్గమునకంతకును పిన్న. ఇందొక విచిత్రమున్నది. అంతకు పదేండ్ల ముందు, 2014 మొదలు 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమై రాజీనామా ఇచ్చు వరకు, ఇదే శాఖను నిర్వహించినవారు మన పొరుగున విజయనగరము సభ్యులైన శ్రీ పూసపాటి అశోక్ గజపతిరాజుగారు. వారును ఇరువది యేడవ యేట, 1978లో, శాసనసభ్యులైనవారే. 2025లో గోవా గవర్నరైరి. చిన్న పట్టణములకు విమానములు నడుపు ఉడాన్ పథకము వారి హయాములోనిది. బస్సునకే గంటలకొలది ఎదురుచూచు జిల్లాలు రెండు దేశమునకు ఇద్దరు విమానమంత్రులను ఇచ్చినవి!

మంత్రియైన రెండు నెలలలోగా వారు లోక్‌సభలో భారతీయ వాయుయాన్ విధేయకమును ప్రవేశపెట్టి ఆమోదింపజేసిరి. 1934లో దొరతనమువారు చేసిన విమానముల చట్టమునకు బదులుగా అది 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. 1784లో ఇరువది యైదేండ్ల ఆంగ్ల యువకుడు మనకు చట్టము చేసెను. 2024లో నిమ్మాడ యువకుడు ఆంగ్లేయుల చట్టమును తీసి దేశమునకు కొత్త చట్టము తెచ్చెను. చరిత్ర చెప్పుకొను వాడనగుటచే ఈ రెండింటిని ప్రక్కన పెట్టి చూడక ఉండలేకపోయితిని.

అయితే చట్టము తెచ్చుట సుళువు; పదవి బరువు కష్టకాలమునందే తెలియును. 2025 జూన్ 12న అహమ్మదాబాదు నుండి లండను బయలుదేరిన విమానము నిమిషమైన గడువక కూలినది. లోపలి 242 మందిలో 241 మంది మరణించిరి. క్రింద నున్నవారితో కూడ 260 ప్రాణములు పోయినవి. తండ్రిని రాచబాట ప్రమాదములో పోగొట్టుకొన్న మంత్రి ఆ కుటుంబముల ఎదుట నిలువవలసి వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరులో, విమాన చోదకుల విశ్రాంతికై చేసిన కొత్త నిబంధనలకు దేశములోని అతి పెద్ద విమాన సంస్థ ఇండిగో సిద్ధపడక పోవుటచే, వేల విమానములు ఆగి, ప్రయాణికులు విమానాశ్రయములలో నేలపై పడుకొనిరి. ప్రభుత్వము ఆ సంస్థకు నిబంధనలను తాత్కాలికముగా సడలించినది. నిబంధన ముందే తెలిసియుండగా సంస్థ సిద్ధమగుచున్నదో లేదో చూచుకొనువారెవరు? చోదకుని అలసట ప్రయాణికుని ప్రాణముతో ముడిపడిన విషయము కాదా? అని పార్లమెంటులోను, వెలుపలను అడిగిరి. మంత్రి సభలో నిలిచి జవాబు చెప్పవలసి వచ్చినది. అడుగుట న్యాయమే. పిన్నవాడని పదవి ఈయకపోవుట ఎంత తప్పో, పిన్నవాడని ప్రశ్న తగ్గించుటయు అంత తప్పే. మనవాడని ప్రశ్న తగ్గించుట అంతకంటె తప్పు.

మనవాడన్న మాట వచ్చినది గనుక మన యింటి సంగతులు చెప్పుకొందము. ఉద్దానమున, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి ఇంటింట మనుషులను తినుచున్నది. కారణ మిదియేయని శాస్త్రజ్ఞులు నిశ్చయముగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికై ప్రత్యేక ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును తెరచిరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలనే నేలమట్టము చేసినది. అదే సంవత్సరము చివర, పొట్టకూటికై గుజరాతు తీరమునకు పోయిన మన మత్స్యకారులు పాకిస్తానువారి చేత చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇల్లు చేరలేదు. మన సముద్రము మనకున్నది, మన పడవలు మనకున్నవి. అయినను మన బిడ్డడు మరియొక సముద్రమున వల వేయుటకు పోవలసి వచ్చెనేమి? పార్లమెంటు సభ్యుని కొలుచుటకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు తెలియదు.

విమానాశ్రయములు వచ్చుచున్నవి. విజయనగరము జిల్లా భోగాపురమున అల్లూరి సీతారామరాజుగారి పేరిట విమానాశ్రయమునకు 2019లో ఒకమారు, 2023లో మరియొకమారు, ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేసిరి. పలాస ప్రాంతమునకును విమానాశ్రయమను మాట వచ్చినపుడు, తోటలు పోవునని అచ్చటి రైతులు ఎదురు చెప్పిరి. విమానాశ్రయము వలదనుట నా యభిప్రాయము కాదు. భోగాపురమున భూమి ఇచ్చిన రైతు బిడ్డకు అచ్చట గౌరవమైన పని దొరకవలెను. ఉద్దానమున తోట మాత్రమే యున్నవాని మాట ముందు వినవలెను. ఆకాశము చూచు మంత్రికి నేల చూపుట ఓటరు పని.

ఇక చివరి మాట. ఇంగ్లండులో మైరీ బ్లాక్, సామ్ కార్లింగుల సంగతి జ్ఞాపకముంచుకొనుడని ముందు కోరితిని. మన దేశమున పిన్నవయస్సున పార్లమెంటు చేరిన వారిలో ఎందరు పెద్ద యింటి బిడ్డలు, ఎందరు సామాన్యుల బిడ్డలు? ఈ ప్రశ్న రామ్మోహన్ నాయుడుగారి నొక్కరినే అడుగుట న్యాయము కాదు; ఆయన తెరచిన తలుపు గుండ లోనికి పోయిరి, పోయి శక్తికొలది పని చేసిరి. ప్రశ్న అన్ని పక్షములను అడుగవలసినది: తండ్రి పేరు లేని ఇరువది యైదేండ్ల వానికి, పలాసలో జీడిపప్పు కర్మాగారములో పనిచేయు తల్లి బిడ్డకు, మీ పక్షములో తలుపెక్కడ నున్నది? పంచాయితీలో, మండల పరిషత్తులో, పురపాలక సంఘములో అట్టివారికి చోటు లేకున్న, పార్లమెంటులో ఎట్లు వచ్చును? ఎర్రన్నాయుడుగారు 1983లో పైకి వచ్చినపుడు ఆ కాలపు కొత్త పక్షము కొత్తవారికి తలుపు తీసెను. ఆ తలుపు మరల మూతపడనీయకుండుట మీ తరము పని.

ఇందుకై ఈ మందిర యువకులను ఒక చిన్న పని చేయుమని కోరుదును. ఒక లెక్కపుస్తకము తెరువుడు. లోక్‌సభలో అడిగిన ప్రశ్నలును, ఇచ్చిన జవాబులును ప్రభుత్వమే ప్రకటించును, వెతికి చదువవచ్చును. ప్రతి సమావేశము ముగిసిన పిదప, శ్రీకాకుళమును గూర్చియు విజయనగరమును గూర్చియు ఏమి అడిగిరి, ఏమి జవాబు వచ్చెను, జవాబులో చెప్పినది నేలపై జరిగెనా అని మూడు గడులు గీచి వ్రాయుడు. ఉద్దానమునకు ఒక పుట, మత్స్యకారులకు ఒక పుట, విమానాశ్రయ భూములకు ఒక పుట, వలస పోవువారికి ఒక పుట. ఎవరి పక్షమైనను సరే, సభ్యుడు మన ఊరు వచ్చినపుడు దండ వేయుటకు ముందు ఆ పుస్తకము చేతికిచ్చి, “అయ్యా, ఈ గడి ఖాళీగా నున్నది” అని చెప్పుడు.

1794లో పద్మనాభమువద్ద కూలినవారికి ఆ లెక్కపుస్తకము లేదు, అడుగు హక్కు లేదు. మనకు రెండును కలవు. మొన్న నన్నడిగిన యువకునకు నా సమాధాన మిది: పిన్నవాడు ఏమి చేయగలడన్నది ఆతని చేతిలో సగము, నీ చేతిలో సగము.